పైన పటారమేనా, లోపల సరుకుందా: అభిమానులు చేసిన కార్ మాడ్‌ను పరీక్షించే పద్ధతి

ఒకే కార్ మాడ్ (గేమ్‌లో అదనంగా వేసుకునేలా అభిమానులు తయారుచేసిన కారు) గురించి ఒకరు "గేమ్‌తో వచ్చిన కార్ల కన్నా బాగుంది" అంటారు. ఇంకొకరు "రెండు ల్యాప్‌లు తిప్పి తీసి పారేశా" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. మొదటివారు కారును బయటి నుంచి తిప్పి తిప్పి చూసి ఫొటోలు తీసుకునే రకం, రెండోవారు వీల్ (కంప్యూటర్‌కు తగిలించే స్టీరింగ్) పట్టుకుని బ్రేకింగ్ పాయింట్లు వెతికే రకం. కారు మంచిదా కాదా అనే గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. ఎవరు ఏ భాగం గురించి మాట్లాడుతున్నారో చెప్పరు, ఏకంగా తీర్పు మాత్రం ఇచ్చేస్తారు.

గేమ్‌ను బట్టి కూడా లెక్క మారుతుంది. 2005లో పీసీకి వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో కారు నడక అంతా ఒక టెక్స్ట్ ఫైల్లో కారుకో వరుస చొప్పున ఉంటుంది. అందుకే అక్కడ జనం చూసేది రూపం, డోర్లు తెరుచుకోవడం, లైట్లు. బీమ్‌ఎన్‌జీ డ్రైవ్‌లో గోడకు గుద్దితే ఎలా నలిగిందన్నదే మొదటి ప్రశ్న. 2014లో పూర్తిగా విడుదలైన రేసింగ్ సిమ్యులేటర్ అసెట్టో కోర్సాలో వీల్‌లో చేతికి ఏం తెలిసిందన్నదే అసలు ప్రశ్న. ఈ గైడ్ ఎక్కువగా అసెట్టో కోర్సా మీదే నడుస్తుంది. దాని ఫైళ్లు తెరిచి చూసుకోవచ్చు కాబట్టి, ఎవరి మాటా నమ్మాల్సిన అవసరం లేకుండా మనమే తేల్చుకోవచ్చు. అంతా కలిపి గంట పని.

ముందు కొలబద్ద పెట్టుకోండి

మాడ్ కారు ఎక్కే ముందు గేమ్‌తో వచ్చిన కారు ఒకటి నడపాలి. చాలామంది వదిలేసేది ఈ మెట్టే. మాడ్ చిన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే అబార్త్ 500, పాతకాలపు రియర్ వీల్ డ్రైవ్ అయితే బీఎండబ్ల్యూ ఎం3 ఈ30, తేలికపాటి మిడ్ ఇంజిన్ అయితే లోటస్ ఎలీస్ తీసుకోండి. ట్రాక్ మజోనే లాంటి చిన్నది చాలు, రెండున్నర కిలోమీటర్లే. గాలి 26 డిగ్రీలు, ట్రాక్ గ్రిప్ ఆప్టిమమ్, సగం ట్యాంకు ఇంధనం, టైరు వెయిర్ మామూలుగా. రెండు కార్లకూ ఇవే షరతులు. మొదటి రెండు ల్యాప్‌లు టైర్లు వేడెక్కడానికే పోతాయి, వాటిని బట్టి ఏమీ తేల్చకండి. "జారిపోతోంది" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని చల్లటి టైర్లతో మొదటి మలుపులో పుట్టినవే.

కొలబద్ద లేకుండా చూస్తే పట్టు ఎక్కువున్న కారు బాగున్నట్టే అనిపిస్తుంది. పట్టు ముఖస్తుతి లాంటిది. నడిపేవాడి తప్పులన్నీ కప్పేస్తుంది. మామూలు రోడ్డు కారుకు సెమీ స్లిక్ టైర్లు (రేసు టైర్లకు దగ్గరివి) తొడిగి వదిలిన మాడ్‌కు "భలే నడుస్తోంది" అన్న పేరు సులభంగా వస్తుంది. నిజం దగ్గరగా చేసిన మాడ్‌కు మాత్రం "బరువుగా ఉంది, తిరగట్లేదు" అన్న తిట్లు పడతాయి.

దింపుకోవడంలో జరిగే పొరపాట్లు

జిప్ తెరవగానే లోపలి ఫోల్డర్ల వరస చూడండి. కంటెంట్, అందులో కార్స్, అందులో కారు పేరుతో ఒక ఫోల్డర్ ఉండాలి. వీటితో పాటు ఫాంట్స్, డ్రైవర్ ఫోల్డర్లు వస్తే అవీ కలిపి వేయాలి. ఫాంట్ లేకపోతే డిజిటల్ మీటరు సరిగా పనిచేయదు, అది కారు చేసినవాళ్ల తప్పు కాదు. జిప్‌లో ఎగ్జిక్యూటబుల్ ఫైలు ఏదైనా కనిపిస్తే అక్కడే ఆగండి. కారుకు దాని అవసరం లేదు.

కారు ఫోల్డర్ పేరు ఎప్పుడూ మార్చకండి. నడకకు సంబంధించిన లెక్కలన్నీ డేటా ఏసీడీ అనే ఒకే ఫైల్లో ప్యాక్ అయి ఉంటాయి. ఆ ఫైలుకు వేసిన తాళం ఫోల్డర్ పేరు నుంచే తయారవుతుంది. పేరు మార్చగానే గేమ్ ఆ ఫైలును చదవలేదు. శబ్దాల ఫోల్డర్లోని గైడ్స్ ఫైల్లో కూడా పాత పేరే రాసి ఉంటుంది కాబట్టి ఇంజిన్ మూగబోతుంది. "మాడ్ పనిచేయట్లేదు" అని వాపోయే ముందు ఈ రెండూ చూసుకోండి.

ఆన్‌లైన్లో కారు లోపలికి రానివ్వకపోతే అది కూడా చాలాసార్లు నాణ్యత సమస్య కాదు. సర్వర్ తన దగ్గరున్న డేటా ఫైలుతో మీ ఫైలును పోల్చి చూస్తుంది. ఒక్క అంకె తేడా ఉన్నా చెక్‌సమ్ (ఫైలు నుంచి లెక్కగట్టే గుర్తింపు అంకె) సరిపోలేదని బయటకు పంపేస్తుంది. పాత వెర్షన్ మీద కొత్తది అలాగే పరిచేసినా తేడా వస్తుంది. పాత ఫోల్డర్‌ను పూర్తిగా తీసేసి కొత్తది వేయండి.

కంటితో చూసేవి

కంటెంట్ మేనేజర్‌లో (అసెట్టో కోర్సాను, దాని మాడ్‌లను చూసుకునే విడి ప్రోగ్రాం) కస్టమ్ షోరూమ్ తెరిచి కారును తిప్పండి. మొదట చూడాల్సింది పెయింట్ మెరుపు కాదు, చక్రాలు. చక్రం ఆర్చ్ మధ్యలో సరిగ్గా కూర్చుందా, నేలకు తాకుతోందా? కారు గాల్లో తేలుతున్నా, నేలలో కూరుకుపోయినా సాధారణంగా కార్ ఫైల్లోని గ్రాఫిక్స్ ఆఫ్‌సెట్ అంకె తప్పుంటుంది. రెండు నిమిషాల్లో సరిచేయగల తప్పు అది. దానికి మొత్తం మోడల్‌ను చెత్త అనడం అన్యాయం. కానీ దాన్ని కూడా చూసుకోకుండా విడుదల చేశారంటే ఎవరూ ట్రాక్ మీద నడిపి చూడలేదని అర్థం. ఆ అనుమానంతోనే మిగతావి చూడండి.

తర్వాత క్యాబిన్‌లో కూర్చోండి. స్టీరింగ్ తిప్పితే దాని కేంద్రం చుట్టూ తిరుగుతోందా, ఊగుతోందా? డ్రైవర్ చేతులు వీల్ మీదే ఉన్నాయా? స్పీడోమీటర్ ముల్లు చూపే వేగం, పక్కన యాప్ చూపే వేగం ఒకటేనా? అద్దాల్లో వెనక ట్రాక్ కనిపిస్తోందా, బూడిద రంగు పలక మాత్రమే ఉందా? బయట అద్భుతంగా ఉండి లోపల ప్లాస్టిక్ డబ్బాలా ఉన్న మాడ్‌లు చాలా దొరుకుతాయి, ఎందుకంటే ప్రివ్యూ ఫొటోలు బయటివే. చేసినవాళ్లు పెట్టిన ఫొటోల్లో క్యాబిన్ ఒక్కటి కూడా లేకపోతే ఎందుకు లేదో ఊహించుకోవచ్చు.

మూడోది దూరం. రీప్లేలో కెమెరాను మెల్లగా వెనక్కి లాగండి. మంచి మాడ్‌లో దూరం పెరిగేకొద్దీ తక్కువ త్రిభుజాలున్న మోడళ్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, మనకు తెలియకుండా. చెడ్డ మాడ్‌లో ఒకే ఒక మోడల్ ఉంటుంది. షోరూమ్‌లో త్రిభుజాల సంఖ్య కనిపిస్తుంది. ఒక్క కారుకు ఆరు లక్షలుండి, దూరపు మోడళ్లు లేకపోతే, 20 కార్ల గ్రిడ్‌లో అది 1.2 కోట్ల త్రిభుజాలు. ఒంటరిగా తిరిగినప్పుడు ఫ్రేములు బాగానే వస్తాయి, రేసు మొదలవగానే కూలబడతాయి. ఎక్కువ త్రిభుజాలుంటే ఎక్కువ నాణ్యత అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. బోల్టు తలకాయను వేలాది త్రిభుజాలతో చెక్కడం పనితనం కాదు, ఎక్కడ ఆపాలో తెలియకపోవడం.

ఫైళ్లు తెరిచి చూసేవి

కంటెంట్ మేనేజర్ సెట్టింగుల్లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే కారు పేజీలో డేటా అన్‌ప్యాక్ చేసే వీలు వస్తుంది. పరీక్షకు కారు ఫోల్డర్‌ను వేరేచోట కాపీ పెట్టుకుని చేయండి. లోపలివన్నీ నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే ఫైళ్లే. అన్నీ చదవక్కర్లేదు, ఐదు అంకెలు చాలు. కారు తయారీ కంపెనీ ప్రకటించిన వివరాల పట్టిక పక్కన పెట్టుకోండి.

ఒకటి, బరువు. కార్ ఫైల్లో టోటల్ మాస్ అంటే డ్రైవర్‌తో కలిపి, ఇంధనం లేకుండా. కంపెనీ ఇచ్చే డీఐఎన్ (జర్మన్ ప్రమాణం) బరువు దీనికి తిరగేసి ఉంటుంది, డ్రైవర్ లేకుండా, 90 శాతం ఇంధనంతో. కంపెనీ లెక్క 1200 కిలోలు, ట్యాంకు 50 లీటర్లు అనుకుందాం. 45 లీటర్ల పెట్రోలు దాదాపు 34 కిలోలు తీసేసి, డ్రైవర్‌కు 75 కలిపితే 1241. ఫైల్లో 1200 అని ఉంటే పెద్ద నేరమేమీ కాదు, బ్రోషర్ చూసి రాసేశారని తెలుస్తుంది అంతే. 1050 అని ఉంటే మాత్రం కారును కావాలనే పరిగెత్తించారు.

రెండు, బరువు ముందు వెనకలకు ఎలా పంచుకుందో. సస్పెన్షన్స్ ఫైల్లో సీజీ (గురుత్వ కేంద్రం) లొకేషన్ అనే వరుస ఉంటుంది. 0.52 అంటే 52 శాతం ముందు చక్రాల మీద. ఇంజిన్ వెనక వేలాడే పోర్షే 911కి ఇది 0.40కి అటూ ఇటూగా ఉండాలి. 911 మాడ్‌లో 0.52 కనిపిస్తే వేరే కారు సస్పెన్షన్ ఫైలును తెచ్చి అతికించారు. పక్కనే ఉన్న వీల్‌బేస్ కూడా చూడండి, మీటర్లలో ఉంటుంది. కంపెనీ లెక్కతో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా పట్టించుకోవద్దు. పది సెంటీమీటర్లు తేడా ఉంటే పట్టించుకోండి.

ఇక్కడ చిన్న మాట. గేమ్ కారు ఫైలుతో మొదలుపెట్టడం తప్పు కాదు. అదే తరగతి టైరును యథాతథంగా వాడుకోవడం చాలామంది మంచి మాడర్లు చేసే పనే. టైరు లెక్కలు సొంతంగా కట్టడం అన్నిటికన్నా కష్టం, తెలియక చేస్తే అందులో పాడయ్యేదే ఎక్కువ. "ఫిజిక్స్ కాపీ" అని ఆరోపించే ముందు, ఏ ఫైలు కాపీ అయిందో, ఆ తర్వాత ఏం మార్చారో చూడాలి.

మూడు, స్ప్రింగ్. మంచి ఉద్దేశంతో చేసినవాళ్లు కూడా ఎక్కువగా పడేది ఈ గుంటలోనే. ఫైల్లోని స్ప్రింగ్ రేట్ కాయిల్ స్ప్రింగ్ గట్టిదనం కాదు, చక్రం దగ్గర తెలిసే గట్టిదనం. కాయిల్ లెక్కను మోషన్ రేషియో (చక్రం కదిలినదానిలో స్ప్రింగ్ ఎంత వంతు కదులుతుందన్నది) వర్గంతో గుణిస్తే అది వస్తుంది. కాయిల్ మిల్లీమీటరుకు 80 న్యూటన్లు, మోషన్ రేషియో 0.7 అనుకోండి. 80 ఇంటూ 0.49, అంటే 39.2. ఫైల్లో మీటర్ల లెక్క కాబట్టి 39200 అని ఉండాలి. మాన్యువల్ చూసి నేరుగా 80000 అని రాసేస్తే ఏమవుతుందో చూద్దాం. ఒక్క మూల మీద స్ప్రింగ్ మోసే బరువు 300 కిలోలైతే, సరైన అంకెతో బాడీ సెకనుకు దాదాపు 1.8 సార్లు ఊగుతుంది, కాస్త గట్టి స్పోర్ట్స్ కారు నడక. తప్పు అంకెతో 2.6 సార్లు. అది రేసు కారు నడక. కెర్బ్ (ట్రాక్ అంచున ఎత్తుగా ఉండే పట్టీ) తగలగానే చక్రాలు గాల్లోకి లేస్తాయి, తడబడుతుంది, జనం "టైర్లు బాలేవు" అంటారు. టైర్లకు ఏ పాపం తెలియదు. లెక్క మీరే వేసుకోవచ్చు. స్ప్రింగ్ రేట్‌ను బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగించండి. సౌకర్యం కోసం చేసిన కారుకు 1 నుంచి 1.5 మధ్య రావాలి, స్పోర్ట్స్ కారుకు 2 దాకా. డౌన్‌ఫోర్స్ (కారును నేలకు నొక్కే గాలి బలం) మీద బతికే రేసు కార్లు 3 దాటి పోతాయి.

నాలుగు, టార్క్. పవర్ ఫైల్లో ఒకవైపు ఆర్‌పీఎం, ఇంకోవైపు టార్క్ ఉంటుంది. అది చక్రాల దగ్గరికి చేరే టార్క్, కాబట్టి కంపెనీ లెక్కలో 10 నుంచి 15 శాతం తగ్గి ఉండాలి. టర్బో ఉంటే ఇంకో మెలిక ఉంది. ఈ అంకెను గేమ్ ఒకటి ప్లస్ బూస్ట్‌తో (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) గుణిస్తుంది. కంపెనీ చెప్పిన 350 న్యూటన్ మీటర్లు టర్బోతో కలిపిన లెక్క. దాన్ని అలాగే రాసి, ఇంజిన్ ఫైల్లో బూస్ట్ 0.8 అని ఉంచితే గేమ్‌లో 630 అవుతుంది. "ఈ టర్బో కారు పిచ్చి స్పీడు" అని జనం మురిసిపోయే మాడ్‌లలో కొన్నిటి రహస్యం ఇంతే, ఒకే బూస్ట్‌ను రెండుసార్లు లెక్కేశారు.

ఐదు, గేర్లు. డ్రైవ్‌ట్రెయిన్ ఫైలు తెరవండి. మొదటి గేరు 3.5, ఫైనల్ 4.1, లిమిటర్ (ఇంజిన్ దాటలేని ఆర్‌పీఎం) 6500, టైరు రేడియస్ 0.31 మీటరు అనుకోండి. మొదటి గేరులో లిమిటర్ దగ్గర వేగం గంటకు 53 కిలోమీటర్లు రావాలి. ట్రాక్ మీద అంతే వస్తే గేర్లు, టైరు సైజు, మీటరు మూడూ ఒకేసారి సరిచూసినట్టే.

మోడల్ గానీ డేటా గానీ ఎన్‌క్రిప్ట్ చేసి తాళం వేసిన మాడ్‌లూ ఉంటాయి. దొంగతనం నుంచి కాపాడుకోవడానికే అలా చేస్తారు, దాన్ని తప్పు పట్టలేం. తాళం ఉందని అనుమానించనూ వద్దు, తాళం వెనక ఏదో గొప్పది ఉందని నమ్మనూ వద్దు. నడిపి తేల్చుకోండి.

నడిపి చూసేవి

ముందు వీల్ సంగతి. కారు డ్రైవర్ స్టీరింగ్, మీ చేతిలోని వీల్ ఒకే కోణంలో తిరగాలి. ఫైల్లో స్టీర్ లాక్ 450 అంటే మధ్య నుంచి ఒకవైపుకు 450 డిగ్రీలు, మొత్తం 900. తర్వాత పెడల్స్ యాప్ తెరిచి ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ పట్టీ చూడండి. మలుపుల్లో అది ఎర్రబడుతూ ఉంటే సిగ్నల్ పైకప్పుకు తగిలి తెగిపోతోంది, వివరాలేవీ చేతికి రావు. నమ్‌ప్యాడ్‌లో మైనస్ నొక్కి ఆ కారుకు తగ్గించండి. "స్టీరింగ్ చచ్చిపోయినట్టుంది" అన్న ఫిర్యాదును ఈ ఒక్క పని చేశాకే నమ్మాలి.

డ్రాగ్ స్ట్రిప్ మీద గరిష్ఠ వేగం చూడండి. 1300 కిలోలు, 200 హార్స్‌పవర్, గాలికి మామూలు కూపే ఆకారం ఉన్న కారు గంటకు 235 నుంచి 240 మధ్య ఆగిపోవాలి, గేర్లు అడ్డు రాకపోతే. 290 వెళ్తే ఏరో ఫైల్లో గాలి నిరోధం తక్కువ రాశారు లేదా టార్క్ ఎక్కువ రాశారు. సున్నా నుంచి వంద సరిపోయి, గరిష్ఠ వేగం మాత్రం దాటిపోతే తప్పు గాలిదే. రెండూ దాటితే టార్క్‌దే.

అదే చోట 100 నుంచి పూర్తిగా ఆగేదాకా బ్రేకు వేయండి. మంచి రోడ్డు టైర్ల మీద 36 నుంచి 40 మీటర్లు పట్టాలి. 40 మీటర్లు అంటే సుమారు 1 జీ (భూమి గురుత్వ త్వరణమంత). 28 మీటర్లలో ఆగిందంటే 1.4 జీ, రోడ్డు కారు కింద స్లిక్ టైర్లున్నట్టే.

పక్క పట్టు చూడటానికి వృత్తం కావాలి. స్కిడ్‌ప్యాడ్ ట్రాక్ ఏదైనా వేసి 50 మీటర్ల రేడియస్‌తో నిలకడగా తిరగండి, మెల్లగా వేగం పెంచండి. రోడ్డు కారు గంటకు 80 దగ్గర చాలిస్తుంది, అది 1 జీ. 91 దాకా వెళ్లిందంటే 1.3 జీ. ఇక్కడ అంకె కన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. పట్టు పోయే క్షణంలో ఏం జరుగుతోందో చూడండి. మంచి మాడ్‌లో వీల్ ముందుగా తేలికవుతుంది, టైరు మొరాయిస్తుంది, ముందు భాగం మెల్లగా బయటికి జరుగుతుంది. చెడ్డ మాడ్‌లో పట్టాల మీద వెళ్తున్నట్టు వెళ్లి ఒక్కసారిగా తిరిగిపోతుంది. లేదా ఎంత తిప్పినా ఏమీ జరగదు. ఇప్పుడు యాక్సిలరేటర్ వదిలేయండి. బరువు ముందుకు మళ్లి ముక్కు లోపలికి తిరగాలి. ఏ తేడా లేకపోతే సీజీ, స్ప్రింగులు, డిఫరెన్షియల్ లెక్కల్లో ఎక్కడో ఉత్తుత్తి అంకెలున్నాయి.

ఆ తర్వాతే ల్యాప్‌లు. ఐదు ల్యాప్‌లు, కెర్బ్‌ల మీదుగా కూడా ఎక్కించి. కెర్బ్ తగిలిన ప్రతిసారీ కారు రాయికి గుద్దుకున్నట్టు ఆగిపోతే, నేలకు తగిలే కొలైడర్ పెట్టె (గుద్దుకోవడాన్ని లెక్కగట్టే కనిపించని పెట్టె) మరీ కిందికి ఉంది. ల్యాప్ టైమును కొలబద్ద కారుతో పోల్చండి. బరువు, పవర్, టైరు దగ్గరగా ఉన్నప్పుడు సెకనో రెండు సెకన్లో తేడా సహజం. ఆరు సెకన్లు వేగంగా ఉంటే మీ డ్రైవింగ్ మెరుగుపడిందని సంబరపడకండి.

శబ్దం చివర చూడండి. ఐడిల్‌లో, లోపల, బయట, యాక్సిలరేటర్ వదిలినప్పుడు. వేరే కారు శబ్దం అరువు తెచ్చుకోవడం మాడ్‌లలో మామూలే. నాలుగు సిలిండర్ల కారుకు అలాంటిదే ఇంకో నాలుగు సిలిండర్ల శబ్దం పెడితే సర్దుకోవచ్చు. వీ8 శబ్దం పెడితే నవ్వొస్తుంది.

చివరి పరీక్షకు అదే కారుతో 20 మంది ఏఐ డ్రైవర్లను పెట్టి రేసు మొదలుపెట్టండి. ఫ్రేములు ఎంత పడ్డాయో చూడండి. ఏఐ ఫైలు సరిగా రాయకపోతే కంప్యూటర్ డ్రైవర్లు గేరు మార్చకుండా లిమిటర్ మీద అరుస్తూ వెళ్తారు, లేదా మరీ తొందరగా మార్చేసి నత్తల్లా పోతారు. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఇది పట్టదు. లీగ్ నడిపేవాళ్లకు ఇదే ముఖ్యం.

వేరే గేముల సంగతి క్లుప్తంగా

బీమ్‌ఎన్‌జీలో ఫిజిక్స్ సెకనుకు 2000 సార్లు లెక్కవుతుంది. కారంతా నోడ్లు (బరువున్న బిందువులు), వాటిని కలిపే బీమ్‌లు. కారును దింపి, ఏమీ నొక్కకుండా అర నిమిషం వదిలేయండి. తనంతట తాను వణికినా, మెల్లగా జరిగినా నోడ్లు మరీ తేలికగా, బీమ్‌లు మరీ గట్టిగా పెట్టారు. తర్వాత గంటకు 50 దగ్గర గోడకు గుద్దండి. బంపరు ముందు నలగాలి, డోర్లు తెరుచుకునే స్థితిలోనే ఉండాలి. బాడీ నుంచి సూదుల్లా మొనలు పొడుచుకొస్తే పాత కారు అస్థిపంజరం మీద కొత్త తొడుగు వేశారు, తొడుగు కొలతలు నోడ్లకు కుదరలేదు. ఆ కారుకు చూడముచ్చటైన ఫొటో ఒక్కటే మిగులుతుంది.

శాన్ ఆండ్రియాస్‌లో అయితే ఒకటే సూత్రం. పాత ఇంజిన్‌కు భారీ మోడళ్లు వేస్తే స్ట్రీమింగ్ మెమరీ నిండిపోయి దూరంగా ఉన్న రోడ్లు, భవనాలు మాయమవుతాయి. ఒక్కో కారు వేసి, ఊరంతా ఒక చుట్టు తిరిగి, ఆ తర్వాతే ఇంకోటి వేయండి. ఒకేసారి 50 వేస్తే ఏది ముంచిందో తెలియదు.

ఉచితం, డబ్బు, రిప్

ఉచితంగా ఇచ్చినదాన్ని విమర్శించకూడదన్న మాట వినిపిస్తూనే ఉంటుంది. సగమే నిజం. సొంత సమయం ధారపోసి చేసినవారిని దబాయించే హక్కు ఎవరికీ లేదు. కానీ స్ప్రింగ్ లెక్క తప్పని చెప్పడం దబాయింపు కాదు. చాలామంది మంచి మాడర్లు ఎదురుచూసేది అలాంటి మాట కోసమే. డబ్బు తీసుకుంటే లెక్క మారుతుంది. అప్పుడు క్యాబిన్, దూరపు మోడళ్లు, సొంత శబ్దం, తప్పుల దిద్దుబాటు ఇవన్నీ అడగొచ్చు. రేస్ సిమ్ స్టూడియో లాంటి బృందాలు ఫార్ములా హైబ్రిడ్ లాంటి సొంత పేర్లతో కార్లు అమ్ముతాయి. బ్రాండు పేరు లేదని నాణ్యత తక్కువ అనుకోనవసరం లేదు, బ్రాండు పేరు ఉన్న ప్రతిదీ అనుమతితో వచ్చిందనీ అనుకోకూడదు.

రిప్ అంటే వేరే గేమ్ నుంచి మోడల్‌ను పీకి తెచ్చి తనదన్నట్టు పంచడం. జనంలో దీని మీదే గట్టి పట్టింపు ఉంది. మోడల్ ఎంత అందంగా ఉన్నా చేసిన పని మాత్రం వేరొకరిది. అనుమానించడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. వివరణలో మోడల్ ఎవరు చేశారో ఉండదు. ఒకే మనిషి నుంచి వారానికి మూడు కార్లు వస్తుంటాయి, నిజానికి ఒక్క కారును సున్నా నుంచి చేయడానికి నెలలు పడుతుంది. భాగాల పేర్లలో వేరే గేమ్ పద్ధతి కనిపిస్తుంది. బయట ఒక స్థాయిలో, లోపల ఇంకో స్థాయిలో ఉంటుంది. ఇవన్నీ గుర్తులే, రుజువులు కావు. అనుమతి తీసుకుని ఒక గేమ్ నుంచి ఇంకో గేమ్‌కు మార్చిన కార్లు కూడా ఉంటాయి, వాటిలో అసలు చేసినవారి పేరు ముందే రాస్తారు. కాబట్టి ముందు అడగండి, తర్వాత అనండి. రిప్ అని తేలితే మాత్రం దాని ఫిజిక్స్ బాగుందని వెనకేసుకు రావడం అనవసరం. దాన్ని పంచకండి, డబ్బు అసలే ఇవ్వకండి.

చేసినవాళ్లకు రాయాల్సిన తీరు

"ఫిజిక్స్ చెత్త", "సూపర్ బ్రో" ఈ రెండూ మాడర్‌కు ఒక్కలాగే పనికిరావు. రాసేటప్పుడు కారు వెర్షన్, గేమ్ వెర్షన్, కస్టమ్ షేడర్స్ ప్యాచ్ (అసెట్టో కోర్సాకు అభిమానులు చేసిన అదనపు ప్యాచ్) వెర్షన్, వీల్ పేరు, డిగ్రీలు, ట్రాక్, టైరు, ఇంధనం ఉండాలి. ఆ తర్వాత ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాలనుకున్నారు, ఆ అంచనా ఎక్కడిది. ఒక ఉత్తరంలో ఒక సమస్యే. ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండీ, కారు 1.2 వెర్షన్ నడిపాను. క్యాబిన్ పని చాలా బాగుంది, మీటర్లు కూడా సరిగ్గా చూపిస్తున్నాయి. మజోనేలో 26 డిగ్రీలు, స్ట్రీట్ టైర్లు, 25 లీటర్లు. రెండో ల్యాప్ తర్వాత కూడా ఎడమ కెర్బ్‌ల మీద ముందు చక్రం గాల్లోకి లేస్తోంది. ముందు స్ప్రింగ్ రేట్ 80000 ఉంది. కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో కాయిల్ లెక్క కూడా మిల్లీమీటరుకు 80 న్యూటన్లే. మోషన్ రేషియో కలపడం మిగిలిపోయిందేమో చూస్తారా? 39200 పెట్టి నడిపాను, చక్రం లేవడం ఆగింది. రీప్లే ఫైలు జత చేశాను."

మార్చిన డేటా ఫైలును మీరే బయట పంచకండి. చేసినవారికే పంపండి. లేకపోతే ఒకే పేరుతో రెండు రకాల కార్లు తిరుగుతాయి, సర్వర్లన్నిట్లో చెక్‌సమ్ గొడవ మొదలవుతుంది. కొత్త వెర్షన్ వచ్చాక అదే ట్రాక్, అదే ఇంధనం, అదే కెర్బ్ మీద మళ్లీ నడిపి, సరైందో లేదో ఒక్క వాక్యంలో తిరిగి చెప్పండి.